గర్భనిరోధక మాత్రతో దిగులు వస్తుందా? తెలుగు నేల మీద ప్రశ్న అక్కడితో ఆగదు

క్లుప్తంగా: హార్మోన్ మాత్రలు కొందరు స్త్రీల మనసును కుంగదీస్తాయన్న మాటకు ఆధారాలున్నాయి. ముప్పు మొత్తం మీద చిన్నది. టీనేజిలోనూ, వాడకం మొదలుపెట్టిన తొలి రోజుల్లోనూ ఎక్కువ. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెళ్లయిన స్త్రీలు ఎక్కువగా ఆధారపడేది మాత్ర మీద కాదు, ఆపరేషన్ మీద. అందులో హార్మోన్ ప్రసక్తే లేదు. అక్కడ దిగులు వచ్చే దారులు వేరు: ఏ వయసులో చేశారు, ఎవరు నిర్ణయించారు, వద్దనుకుంటే వెనక్కి వెళ్లే వీలుందా.

మాత్ర మానేసిన నెలకే మనసు తేలికపడిందని చెప్పే విదేశీ యువతుల వీడియోలు కొన్నేళ్లుగా తెలుగువాళ్ల ఫోన్లలోకీ వచ్చి పడుతున్నాయి. పీసీఓఎస్‌ (అండాశయాల హార్మోన్లు అదుపు తప్పే జబ్బు) కోసం డాక్టరు రాసిన మాత్రల వల్లే అమ్మాయి ముభావంగా మారిందా అని అనుమానపడే తల్లులూ ఉన్నారు. అడిగితే ఒకరు అదంతా భ్రమ అని కొట్టిపారేస్తారు, మరొకరు హార్మోన్లు ఒళ్లంతా గుల్ల చేస్తాయని బెదరగొడతారు. పరిశోధనలు చెబుతున్నది ఈ రెండూ కాదు. పైగా ఆ పరిశోధనలు దాదాపుగా అన్నీ మాత్రలు విరివిగా వాడే దేశాల్లో జరిగినవి. వాటిని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఏది నప్పుతుందో, ఏది నప్పదో చూసుకోవాలి.

డెన్మార్క్ లెక్క

ఇప్పటి చర్చకు ఊపు తెచ్చింది 2016లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం. ఆ దేశంలో మందుల చీటీలన్నీ జాతీయ రిజిస్టర్లలో నమోదవుతాయి. అందువల్ల 15 నుంచి 34 ఏళ్ల వయసున్న పది లక్షలకు పైగా స్త్రీల వివరాలను 2000 నుంచి 2013 వరకు గమనించగలిగారు. ఎవరు హార్మోన్ గర్భనిరోధకాలు వాడారు, వారిలో ఎంతమందికి తొలిసారి డిప్రెషన్ మందు రాశారు అన్నది చూశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన మాత్రలు వాడేవారిలో ఆ అవకాశం వాడనివారి కంటే 23 శాతం ఎక్కువ. ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్రలతో 34 శాతం ఎక్కువ. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలను విడిగా తీస్తే కలయిక మాత్రలతో అది 80 శాతానికి ఎగబాకింది.

పత్రికల శీర్షికలకెక్కింది ఆ 80 శాతమే. అదే అధ్యయనంలోని మరో జత అంకెలకు అంత పేరు రాలేదు. వాడని వంద మందిలో ఏడాదికి 1.7 మందికి తొలిసారి డిప్రెషన్ మందు అవసరమైతే, వాడేవారిలో 2.2 మందికి అవసరమైంది. తేడా అర శాతం. అంటే రెండు వందల మంది ఏడాది పాటు వాడితే అదనంగా ఒకరు. ఆ ఒక్కరికి ఇది చిన్న విషయం కాదు. అలాగని మిగిలిన 199 మందిని హడలగొట్టేదీ కాదు. శాతం పెరగడం వేరు, ముప్పు పెద్దదవడం వేరు. ఆరోగ్య వార్తల్లో ఈ రెండూ కలగాపులగం కావడం మామూలే.

రెండేళ్ల తర్వాత అదే బృందం ఆత్మహత్యాయత్నాల మీద మరో అధ్యయనం వెలువరించింది. హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారిలో వాటి రేటు దాదాపు రెట్టింపుగా, అందులోనూ టీనేజి అమ్మాయిల్లో ఇంకా ఎక్కువగా కనిపించింది. దాన్ని పరిశీలించాక యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ఈ మందులే కారణమని తేలకపోయినా, డిప్రెషన్ లక్షణాలు కనబడితే వెంటనే డాక్టరును కలవాలన్న హెచ్చరికను డబ్బాల్లోని కాగితాల్లో చేర్పించింది.

ఒక అధ్యయనం ఔనంటే మరొకటి కాదంటుంది, ఎందుకని?

మొదటి చిక్కు, ఎవరు మిగిలారన్నది. మాత్ర పడనివారు రెండు మూడు నెలల్లో మానేస్తారు. ఏళ్ల తరబడి వాడుతున్నవారంటే పడినవారన్నమాట. పదేళ్లుగా వాడుతున్నవారిని పోగుచేసి కొలిస్తే మాత్ర మనసుకు మంచిదేనన్న ఫలితం రావచ్చు. జ్వరం తగ్గినవాళ్లనే వరసలో నిలబెట్టి ఊళ్లో జ్వరాలే లేవన్నట్టు ఉంటుంది ఆ లెక్క. 2023లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ఈ చిక్కును విప్పి చూపింది. రెండున్నర లక్షలకు పైగా స్త్రీల సమాచారంలో, మాత్ర మొదలుపెట్టిన తొలి రెండేళ్లలో డిప్రెషన్ రేటు ఎన్నడూ వాడనివారి కంటే 71 శాతం ఎక్కువ. జీవితకాలం మొత్తం లెక్కలోకి తీసుకుంటే తేడా 5 శాతమే. ఒకే సమాచారం రెండు రకాలుగా పలకడానికి కారణం, గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టామన్నదే.

రెండో చిక్కు, మాత్ర ఎందుకు వాడుతున్నారన్నది. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి మొటిమలు, అవాంఛిత రోమాలు, బరువు, వాటి మీద బంధువుల వ్యాఖ్యలు అన్నీ మాత్ర కంటే ముందే ఉంటాయి. ఆ జబ్బుతోనే డిప్రెషన్, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. ఆరు నెలల తర్వాత దిగులు బయటపడితే అది మాత్ర తెచ్చిందా, మాత్రను రప్పించిన జబ్బు తెచ్చిందా అన్నది విడదీయడం కష్టం. టీనేజిలో మాత్ర మొదలుపెట్టడమంటే డెన్మార్క్ వంటి చోట చాలాసార్లు ప్రేమ వ్యవహారం మొదలవడం కూడా. ఆ వయసులో మనసు విరగడానికి హార్మోన్ సాయమే కావాలని లేదు.

ఈ రెండు చిక్కులనూ దాటాలంటే చీటీ తీసి సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. స్వీడన్‌లో 340 మంది ఆరోగ్యవంతులైన యువతులతో మూడు నెలల పాటు అదే చేసి, 2017లో ఫలితాలు ప్రకటించారు. డిప్రెషన్ లక్షణాల్లో గణనీయమైన తేడా కనబడలేదు. కానీ జీవితం బాగుందన్న భావన, ఒంట్లో హుషారు, తన మీద తనకు అదుపు వంటివి అసలు మాత్ర వేసుకున్నవారిలో తగ్గాయి. జబ్బు అని పేరు పెట్టలేని కుంగుబాటు అది. తెలుగులో దానికి మాటకేమీ కొరత లేదు: ఉసూరుమనడం, దేనిమీదా మనసు లగ్నం కాకపోవడం, ఊరికే చిరాకు. డాక్టర్ల ప్రశ్నావళిలో ఇవి పట్టుబడవు కనుకే చాలామంది స్త్రీలు ‘నీరసం’ అని చెప్పి ఊరుకుంటారు, బి కాంప్లెక్స్ చీటీతో ఇల్లు చేరతారు.

ఆ ప్రయోగంలో వాడిన మాత్రలో లెవోనార్‌జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పాళ్లు కూడా సరిగ్గా ఇవే. షీటులో 28 బిళ్లలు. 21 తెల్లవి హార్మోన్ బిళ్లలు, ముదురు రంగులో ఉన్న మిగతా ఏడు ఇనుము బిళ్లలు. స్టాక్‌హోమ్ యువతులు ఏమి మింగారో, ఆశా కార్యకర్త సంచిలో ఉన్నదీ అదే. కనుక ఆ ఫలితం పరాయి దేశపు ముచ్చట కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది

నెలసరి మధ్యలో అండం విడుదలయ్యాక అండాశయం ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. దానిలో కొంత అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారి మెదడులో గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. గాబా మెదడుకు బ్రేకు వంటిది. ఉద్వేగాన్ని, ఆందోళనను నెమ్మదింపజేస్తుంది. మాత్ర వేసుకుంటే అండం విడుదల కాదు, శరీరం సొంతంగా చేసుకునే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, దానితోపాటు అల్లోప్రెగ్ననలోన్ కూడా. బదులుగా లోపలికి వచ్చే కృత్రిమ ప్రొజెస్టిన్ గర్భాన్ని అడ్డగిస్తుంది కానీ మెదడులో ఆ పనిని అదే తీరుగా చేయదు. మనసు మీద ప్రభావానికి ఇదే అసలు కారణమని ఇంకా రుజువు కాలేదు గానీ, ఆ పదార్థానికి మనసుతో ఉన్న సంబంధం మాత్రం ఊహ కాదు. దాన్నే మందుగా మార్చి, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు ఇవ్వడానికి 2019లో అమెరికా అనుమతించింది.

ఈ మార్పుకు అందరి మెదడూ ఒకేలా స్పందించదు. నెలసరికి ముందు వారం రోజులూ తీవ్రమైన దుఃఖం, కోపం కమ్మే జబ్బు ఒకటుంది, పీఎండీడీ అంటారు. హార్మోన్ల ఎగుడుదిగుళ్లే దానికి మూలం కనుక వాటిని చదును చేసే డ్రోస్పిరినోన్ రకం మాత్ర వాళ్లకు మేలు చేస్తుంది. అమెరికా 2006లోనే ఆ జబ్బుకు దాన్ని అనుమతించింది. ఒకరికి దిగులు తెచ్చే తరగతి మందే ఇంకొకరికి దిగులు తీర్చవచ్చు. డెన్మార్క్‌లోనే జరిగిన 2023 నాటి మరో అధ్యయనం ఇంకో ఆచూకీ ఇచ్చింది. మాత్ర మొదలుపెట్టినప్పుడు డిప్రెషన్‌కు గురైన స్త్రీలకు, తర్వాత తొలి కాన్పు అయినప్పుడు కూడా అది వచ్చే అవకాశం ఎక్కువ. హార్మోన్ మారిన ప్రతిసారీ కుదుపుకు లోనయ్యేవాళ్లు కొందరున్నారన్నమాట. పురిటి సమయంలో ఎవరిని కాస్త కనిపెట్టుకుని ఉండాలో అంచనా వేయడానికి, పాత మాత్రల అనుభవం అడగడం ఖర్చులేని పరీక్ష.

మగవారి కోసం తయారుచేసిన హార్మోన్ గర్భనిరోధక సూది సంగతి కూడా ఇక్కడే. ఏడు దేశాల్లో 320 మంది మీద జరిపిన ప్రయోగం గర్భాన్ని అడ్డుకోవడంలో బాగానే పనిచేసినా, మనఃస్థితిలో మార్పుల వంటి దుష్ఫలితాల కారణంగా 2011లో దాన్ని ముందే ఆపేశారు. ఆ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే కేంద్రం నుంచి వచ్చాయన్నదీ నిజమే. 1960లో అమెరికాలో అనుమతి పొందిన తొలి ఆడవారి మాత్రలో నేటి మాత్రల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ హార్మోన్ ఉండేదన్నదీ, దుష్ఫలితాల మీద 1970లో సెనేట్ విచారణ జరిగేదాకా వాడేవారి చేతికి హెచ్చరిక కాగితం రాలేదన్నదీ అంతే నిజం.

మాత్రను రేపే మానవచ్చు, సూదిని మానలేము

దుష్ఫలితం ఎంత అన్నదానికి పక్కనే, వచ్చాక ఎంత త్వరగా బయటపడగలం అన్న ప్రశ్న ఉంది. మాత్ర ఆ విషయంలో ఉదారమైనది. పడకపోతే షీటు పక్కన పడేయవచ్చు. కొద్ది రోజుల్లో శరీరం మందును వదిలించుకుంటుంది. అంతర పేరుతో 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తున్న డీఎంపీఏ సూది అలా కాదు. 150 మిల్లీగ్రాముల మందు ఒకసారి కండలోకి వెళితే మూడు నెలలు అక్కడే ఉంటుంది. రెండో వారంలోనే మనసు బాగోలేకపోయినా తీయడానికి వీల్లేదు. మళ్లీ గర్భం నిలవడానికి చివరి సూది తర్వాత సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఇంట్లో తెలియకుండా వాడుకోవచ్చన్న సుగుణం వల్ల కొందరు స్త్రీలకు అదే దిక్కు కూడా. మాత్రల షీటును అత్తగారి కంట పడకుండా దాచడం కంటే మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్లిరావడం సులువు.

సూది మందు గురించిన వాదన తెలుగు నేలకు కొత్త కాదు. 1985లో హైదరాబాద్ శివారు పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిని పరీక్షించడానికి స్త్రీలను చేర్చుకున్నారు. అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అనే హైదరాబాద్ స్త్రీవాద సంఘం కార్యకర్తలు గుర్తించారు. మరుసటి ఏడాది ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2000 నాటికి ఆ సూదిని సామూహికంగా వాడబోమని ప్రభుత్వం చెప్పడంతో కేసు ముగిసింది. అప్పటి అభ్యంతరం హార్మోన్ మీద ఎంతో, చెప్పకుండా ఇవ్వడం మీద అంత.

హార్మోన్ వద్దనుకునేవారికి ‘ఛాయ’ అనే మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్ అది. స్టెరాయిడ్ హార్మోన్ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నెలసరి కాస్త ఆలస్యం కావచ్చు, అది గర్భమేమోనన్న కంగారు కొందరిని వేధిస్తుంది. కాపర్-టిలోనూ హార్మోన్ ఉండదు కానీ రక్తస్రావం పెరగవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైతే వచ్చే అలసట, నిస్సత్తువ, ఏకాగ్రత లేకపోవడం డిప్రెషన్ లక్షణాల జాబితాలోనూ ఉన్నాయి. కాపర్-టి వేయించుకున్నాక దిగులుగా ఉందంటే ముందు హిమోగ్లోబిన్ చూడాలి.

ఆపరేషన్: హార్మోన్ లేని దిగులు

పైన చెప్పిందంతా తెలుగు స్త్రీలలో కొద్దిమందికే నేరుగా వర్తిస్తుంది. అదే 2019-21 సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల స్త్రీలలో 69.6 శాతం మందికి ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, అయింది. దేశంలో ఇదే అత్యధికం. తెలంగాణలో దాదాపు 62 శాతం, దేశం మొత్తానికి 37.9. పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఈ మూడూ చాలామందికి పాతికేళ్ల లోపే పూర్తవుతాయి. మాత్ర ఎలా ఉంటుందో, కాపర్-టి పడుతుందో పడదో తెలుసుకునే అవకాశమే రాకుండా గర్భనిరోధక చరిత్ర మొత్తం ఒక్క రోజులో ముగిసిపోతుంది.

శరీరశాస్త్రం ప్రకారం ట్యూబెక్టమీ మనసుకు ఏమీ చేయకూడదు. అండవాహికలను కట్టేస్తారు, అండాశయాలు యథావిధిగా పనిచేస్తాయి. అమెరికాలో 11 వేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన క్రెస్ట్ అధ్యయనం, ఆపరేషన్ నెలసరిని పాడుచేస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదని చూపింది. కానీ అదే అధ్యయనం ఇంకొకటి కూడా చూపింది. ముప్పై ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారిలో 20 శాతం మంది పద్నాలుగేళ్లలో ఎప్పుడో ఒకసారి ఎందుకు చేయించుకున్నానా అని బాధపడ్డారు. ముప్పై దాటాక చేయించుకున్నవారిలో 6 శాతమే. పశ్చాత్తాపానికి పెద్ద కారణం వయసు. ఆంధ్రలో ఆ వయసు ఎంతో చూశాక ఈ అంకెను పరాయిదిగా పక్కన పెట్టలేం. మన దేశపు పరిశీలనల్లో దీనికి మరికొన్ని తోడవుతాయి: బిడ్డ చనిపోవడం, అందరూ ఆడపిల్లలే కావడం, ఆపరేషన్ సమయంలో ఎదురైన నిర్లక్ష్యం.

నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కనబడింది. కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేసిన శిబిరం తర్వాత పది మందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని ఆదేశించింది.

‘ఆపరేషన్ అయినప్పటి నుంచి నడుము లాగేస్తోంది, బరువు ఎత్తలేకపోతున్నాను, మనిషిని మనిషిలా లేను’ అన్న ఫిర్యాదు పల్లెల్లో ప్రతి ఇంటా వినబడేదే. వైద్యం దాన్ని ఆపరేషన్ ఖాతాలో వేయదు, వేయకపోవడం శాస్త్రీయంగా సబబే. కానీ ఆ మాటను అబద్ధమనీ అనలేం. పద్దెనిమిదేళ్లకు పెళ్లి, వరుస కాన్పులు, రక్తహీనత, కూలిపని మధ్య ఆమె తేదీ పెట్టి గుర్తుంచుకోగలిగిన ఒకే ఒక్క సంఘటన ఆపరేషన్. బతుకులోని అలసటంతా వచ్చి ఆ తేదీకి అతుక్కుంటుంది.

దీని తర్వాతి మెట్టు గర్భసంచి తీయించుకోవడం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పిల్లలు చాలు, ఆపరేషన్ అయింది, ఇంకా ఆ సంచి ఎందుకన్న ఆలోచన దీనికి ఒక కారణం. ఇక్కడ మాత్రం హార్మోన్ కథ మళ్లీ వస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ల స్త్రీ ఒక్క రోజులో మెనోపాజ్‌లో పడుతుంది. మామూలుగా ఏళ్ల మీద నెమ్మదిగా తగ్గే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పోతుంది. నిద్రలేమి, ఒంట్లో ఆవిర్లు, డిప్రెషన్ ముప్పు పెరగడం దీనితో ముడిపడినవే. మాత్రలోని 0.03 మిల్లీగ్రాముల గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా దీని మీద జరగదు.

ప్రభుత్వాల ధోరణి ఈలోగా తిరగబడింది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధన, 1997లో జనాభా విధానం వచ్చాయి. సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్థానిక ఎన్నికల్లో ఆ నిబంధనను ఎత్తేసింది. ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. ఆనాడు చాలు అన్నదీ, ఈనాడు కావాలి అంటున్నదీ ఇంటి బయటి గొంతులే. ఇరవై మూడేళ్లకు ఆపరేషన్ అయిన స్త్రీకి ఈ పిలుపు ఏ రకంగా వినబడుతుందో జనాభా లెక్కల్లో తేలదు.

త్రాసులో రెండో తట్ట

గర్భనిరోధకం లేకపోతే మనసు నిమ్మళంగా ఉంటుందనుకోవడం పొరపాటు. వద్దనుకున్న గర్భం, దాని చుట్టూ ఉండే భయం, ఎడం లేని కాన్పులు కూడా డిప్రెషన్‌కు దారితీస్తాయి. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష, కాన్పు తర్వాత డిప్రెషన్ 22 శాతం మందిలో ఉందని అంచనా వేసింది. డెన్మార్క్ మాత్రల లెక్కలో తేలిన అర శాతం పక్కన ఈ 22ను పెట్టి నేరుగా పోల్చకూడదు, కొలిచిన తీరు వేరు. కానీ మాత్ర భయంతో ఏమీ వాడకుండా ఉండిపోయేవారికి ఏది పెద్ద ముప్పో చెప్పడానికి ఆ మాత్రం చాలు. డిప్రెషన్ ఉన్నవారు ఏ గర్భనిరోధక పద్ధతినైనా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదలుపెట్టాక మొదటి మూడు నాలుగు నెలలు మనసును గమనించుకోవడం, తేడా వస్తే మరో రకానికి మారడం సరిపోతుంది. ఉన్నట్టుండి చావు ఆలోచనలు వస్తే మాత్రం ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా తెలుగులో ఫోను చేయవచ్చు.

రెండు చీటీలు ఒకచోట పెట్టాలి

మానసిక వైద్యానికి మందులు వాడుతున్నవారికి అసలు జాగ్రత్త మరొకచోట ఉంది. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మందులకూ మాత్రలకూ పెద్ద పేచీ లేదు. మూర్ఛకూ, ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకూ ఇచ్చే కార్బమజెపిన్ మాత్రం గర్భనిరోధక మాత్ర శక్తిని తగ్గిస్తుంది, మాత్ర వేసుకుంటూనే గర్భం రావచ్చు. అవే జబ్బులకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీకి గర్భం వస్తే బిడ్డకు తీవ్ర లోపాలు ఏర్పడే ప్రమాదం ఉంది కనుక నమ్మకమైన గర్భనిరోధకం తప్పనిసరి. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లామోట్రిజిన్‌తో వ్యవహారం తలకిందులు. ఇక్కడ ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రే ఆ మందును రక్తంలో సగం దాకా పడగొట్టగలదు. స్త్రీల డాక్టరు రాసిన మాత్ర వల్ల మనసు డాక్టరు మందు పనిచేయడం మానేస్తుంది, దిగులు మళ్లీ ఎందుకు వచ్చిందో ఇద్దరికీ అంతుపట్టదు. పైగా షీటులో తెల్ల బిళ్లలు అయిపోయి ఇనుము బిళ్లల వారం రాగానే లామోట్రిజిన్ పాళ్లు మళ్లీ పైకి లేస్తాయి, తల తిరగడం, చూపు మసకబారడం మొదలవుతాయి. నెలకోసారి సరిగ్గా అదే వారంలో ఇలా అవుతోందని ఆమె చెబితే, మందుల డోసు మార్చే ముందు ఆ షీటును తెప్పించి చూడాలి.